ఏడాది వెచ్చాలు: నెల్లూరు, ప్రకాశం ఇళ్లలో సరుకుల ఖర్చు తగ్గించుకునే పద్ధతి

మా పుట్టిల్లు పొదిలి దగ్గర మెట్ట ఊరు, మెట్టినిల్లు నెల్లూరు మాగాణి. పుట్టింట్లో కందులు, శనగలు బస్తాల్లో నిండుగా ఉండేవి గానీ బియ్యం కొనుక్కోవలసి వచ్చేది. అత్తగారింట్లో వడ్లకు లోటు లేదు గానీ పప్పులన్నీ అంగడి నుంచే రావాలి. ఇళ్లు వేరైనా పద్ధతి మాత్రం ఒకటే ఉండేది. ఏ సరుకు ఏ నెలలో కళ్లం దాటి బజారుకు వస్తుందో చూసుకుని, ఆ నెలలోనే ఏడాదికి సరిపడా కొని ఎండబెట్టి దాచుకునేవారు. వేరు కాపురం పెట్టిన తర్వాత నేను జీతం రాగానే చీటీ రాసి అంగడికి పంపే అలవాటులో పడి, పదేళ్లపాటు ఆ పద్ధతిని వదిలేశాను. మళ్లీ దానికి వచ్చి ఆరేళ్లయింది. రాయితీల కోసం నాలుగు దుకాణాలు తిరిగితే మిగిలేది ఆటో ఖర్చుకు సరిపోతుంది గానీ, సరైన నెలలో కొంటే మిగిలేది ఏడాది చివర కంటికి కనిపించేంత ఉంటుందని ఈ ఆరేళ్ల పద్దులు చూశాక నమ్మకం కుదిరింది. ఆ పద్ధతిని ఎలా మొదలుపెట్టాలో, ఏ సరుకు దగ్గర ఏం చూడాలో ఇక్కడ వరుసగా చెబుతాను.

ముందుగా రెండు నెలల పద్దు

ఖర్చు తగ్గించాలనుకున్నవారు సాధారణంగా ధరలు రాయడం మొదలుపెడతారు. మొదటి రెండు నెలలు ధర రాయవద్దని నా సలహా. వంటింటి తలుపు వెనక ఒక కాగితం అంటించి, ప్రతి సరుకుకూ మూడు విషయాలే రాయండి: ఎంత తెచ్చారు, ఏ తేదీన విప్పారు, ఏ తేదీన అయిపోయింది. ధర మన చేతిలో ఉండదు, వాడకం మన చేతిలో ఉంటుంది. పైగా మన వాడకం గురించి మనం వేసుకునే అంచనా చాలాసార్లు తప్పుతుంది. మా ఇంట్లో నెలకు మూడు లీటర్ల నూనె పోతుందని నేను ఎవరడిగినా ధీమాగా చెప్పేదాన్ని. పద్దు రాస్తే నాలుగున్నర లీటర్లు తేలింది. ఆవాలు, మెంతులు మాత్రం నెలనెలా చీటీలో ఉండటం వల్ల పాతవి అయిపోకముందే కొత్తవి వచ్చి చేరి, చివరికి డబ్బాలో నాలుగు పొట్లాలు పోగుపడ్డాయి.

రెండు నెలల లెక్క చేతికి వచ్చాక సరుకులను మూడు రకాలుగా విడదీయండి. బియ్యం, పప్పులు, మిరపకాయలు, చింతపండు, ధనియాలు, పసుపు వంటివి ఏడాది సరుకులు. నూనె, చక్కెర, రవ్వ, పిండి, సబ్బులు నెల సరుకులు. కూరగాయలు, పాలు, చేపలు ఏ రోజుకారోజు. మా ఇంట్లో నలుగురం. ఏడాదికి బియ్యం 360 కిలోలు, కందిపప్పు 28 కిలోలు, మినప్పప్పు 24 కిలోలు, ఎండుమిరప 6 కిలోలు, చింతపండు 10 కిలోలు పడుతున్నాయి. మీ అంకెలు వేరుగా ఉంటాయి కాబట్టి వీటిని నమూనాగానే చూడండి.

డబ్బు ముందు, సరుకు తర్వాత

ఏడాది సరుకులన్నీ ఇంచుమించు ఒకే కాలంలో, అంటే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోపు బజారుకు వస్తాయి కాబట్టి ఒకేసారి పెద్ద మొత్తం కావాలి. నెలజీతం మీద బతికే ఇంటికి అసలు చిక్కు ఇక్కడే. ఏడాది సరుకుల మొత్తం అంచనా వేసి పన్నెండుతో భాగించి, ఆ భాగాన్ని నెలనెలా వేరే ఖాతాలోనో పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్లోనో వేసుకోవాలి. మొదటి ఏడాది అన్నీ కుదరవు. మిరపకాయలు, చింతపండుతో మొదలుపెట్టి, రెండో ఏడాది పప్పులు, మూడో ఏడాది వడ్లు చేర్చుకుంటే భారం తెలియదు.

అప్పు తెచ్చి మాత్రం సరుకు నిల్వ చేయవద్దు. మన వైపు నూటికి రెండు రూపాయల వడ్డీ మామూలే. అంటే ఏడాదికి 24 శాతం. ఏడాది పొడవునా కొంచెం కొంచెంగా తినే సరుకు సగటున ఆరు నెలలు ఇంట్లో ఉంటుందనుకున్నా, దాని మీద 12 శాతం వడ్డీ పడుతుంది. గింజ మీద మిగిలేది ఆ వడ్డీకే సరిపోతుంది.

బియ్యం

నెల్లూరు జిల్లాలో ఉంటూ ప్రతి నెలా బస్తా బియ్యం కొనడం చెరువు గట్టున కూర్చుని నీళ్ల సీసా కొనుక్కున్నట్టే ఉంటుంది. పెన్నా డెల్టాలోనూ, సోమశిల కింది ఆయకట్టులోనూ ప్రధాన పంట మార్చి, ఏప్రిల్ నెలల్లో కోతకు వస్తుంది. నీళ్లు ఉన్న ఏడు ఎడగారు పంట, అంటే రెండో పంట, ఆగస్టు, సెప్టెంబరుల్లో వస్తుంది. కోతల సమయంలో రైతు దగ్గర వడ్లు తీసుకుని మర ఆడించుకోవడం తెలిసినవారి ద్వారా అయితే కష్టమేమీ కాదు.

నెల్లూరులో వడ్ల బేరం పుట్టిలో సాగుతుంది; ఇక్కడ పుట్టి అంటే 850 కిలోలు. లెక్క ఇలా వేసుకోండి. ఆరిన వడ్లు ఆడిస్తే, నూకలు తీసేశాక, నూటికి 60 నుంచి 65 కిలోల దాకా బియ్యం వస్తాయి. పుట్టికి సుమారు 540 కిలోలు అనుకుందాం. పుట్టి వడ్లు 22,000 రూపాయలకు దొరికి, హమాలీ, బండి బాడుగ, మర కూలి కలిపి మరో 2,500 అయితే కిలో బియ్యం 45 రూపాయల చిల్లర పడుతుంది. ఇవి లెక్క తెలియడానికి వేసిన అంకెలే; మీ ఊళ్లో ఆనాటి ధర పెట్టుకుని, అదే రకం బియ్యం అంగట్లో ఎంత ఉందో పక్కన రాసుకుని పోల్చండి. నూకలు, తవుడు మీకే ఇస్తారా, మర కూలి కింద మరవాళ్లు ఉంచుకుంటారా అన్నది ముందే మాట్లాడుకోవాలి. ఉప్మాకు, జావకు పనికొచ్చే నూకలు ఊరికే వదిలేయవలసినవి కావు. నలుగురున్న ఇంటికి పుట్టి ఎక్కువే కాబట్టి ఇద్దరు కలిసి పంచుకోవడం మేలు.

తీసుకునే ముందు తేమ చూడాలి. ప్రభుత్వ కొనుగోలు కేంద్రాల్లో 17 శాతం దాకా తేమను ఒప్పుకుంటారు గానీ, ఇంట్లో నిల్వకు అది చాలా ఎక్కువ. 13, 14 శాతానికి దిగేదాకా ఎండాలి. యంత్రంతో కోసి నేరుగా ట్రాక్టరుకెక్కించిన పచ్చి వడ్లు చౌకగా కనిపిస్తాయి, కానీ ఆరాక బరువు తగ్గుతాయి, ఆరకపోతే బూజు పడతాయి. వడ్లన్నీ ఒకేసారి ఆడించవద్దు. వడ్ల రూపంలో ఉంటే పురుగు తక్కువ, బియ్యం కూడా పాతబడి బాగుంటాయి. రెండు మూడు నెలలకు సరిపడా మాత్రమే ఆడించుకుంటూ పోవాలి.

వడ్లు పెట్టుకునే చోటు లేని వారు, ముఖ్యంగా అపార్టుమెంట్లలో ఉండేవారు, నెల్లూరు స్టోన్‌హౌస్‌పేట వంటి టోకు బజారులో బియ్యం కొనుక్కోవచ్చు. అక్కడ బస్తా మీది బొమ్మను చూడకుండా గింజను చూడండి. గుప్పెడు బియ్యం తీసుకుని గట్టిగా పట్టి వదలండి. అరచేతికి తెల్లటి పొడి దట్టంగా అంటుకుంటే శుభ్రం సరిగా లేదు. అరచేతిలో గింజలను పరిచి చూస్తే ఎన్ని విరిగాయో తెలుస్తుంది. ఒక గింజను ముందు పళ్ల మధ్య కొరికితే పాతది టక్కున విరుగుతుంది, కొత్తది కొంచెం మెత్తగా తగులుతుంది. పాతవి కాస్త పసుపు చాయలో, కొత్తవి పాల తెలుపులో ఉంటాయి. ఆవిరి పట్టిన స్టీమ్ బియ్యం కొత్తవైనా అన్నం పొడిపొడిగా వస్తుంది కాబట్టి, పాత బియ్యం పేరుతో వాటిని అంటగట్టకుండా అడిగి తెలుసుకోవాలి. సాంబమసూరి అనే బీపీటీ 5204 రకం అయినా, మన నెల్లూరు పరిశోధన కేంద్రం విడుదల చేసిన ఎన్‌ఎల్‌ఆర్ 34449 అయినా, ముందు కిలో తెచ్చి వండి చూడనిదే బస్తా ఎత్తించవద్దు.

వండేటప్పుడు ఒదుగు, అంటే గ్లాసు బియ్యానికి ఎంత అన్నం అవుతుందో చూడండి. రెండు రకాల బియ్యం ఒక్కో గ్లాసు తీసుకుని, వేరువేరుగా వండి, అన్నాన్ని కూరగాయల కాటాలో తూచండి. పాత బియ్యానికి ఒదుగు ఎక్కువ. కిలోకు రెండు మూడు రూపాయలు ఎక్కువ పెట్టినా ఒక పూటకు వేసే గ్లాసులు తగ్గుతాయి. ఇది మా అత్తగారు తూచకుండానే చెప్పేవారు, నేను తూచి ఒప్పుకున్నాను.

ఇక బస్తా బరువు. 2022 జూలై 18 నుంచి 25 కిలోలు, అంతకు తక్కువ బరువున్న ముద్రిత ప్యాకింగ్ బియ్యం, పప్పుల మీద 5 శాతం జీఎస్టీ పడింది. 25 కిలోలు దాటితే లేదు. బజారులో 26 కిలోల బస్తాలు పుట్టుకొచ్చింది అందుకే. ఒక అంగట్లో 25 కిలోలు 1,450, పక్క అంగట్లో 26 కిలోలు 1,500 అంటే రెండోది ఖరీదుగా తోస్తుంది గానీ, కిలోకు చూస్తే 58 రూపాయలు, 57 రూపాయల 69 పైసలు. బస్తా ధర అడగకుండా కిలో ధర అడగడం అలవాటు చేసుకోండి.

మార్చి నెల పని: మిరప, చింతపండు, పప్పులు

మిరపకాయలు జనవరి నుంచి ఏప్రిల్ దాకా కొత్తవి వస్తాయి. తొందరపడి జనవరిలో కొంటే తేమ బరువుకు డబ్బు కట్టినట్టవుతుంది. మార్చిలో బాగా ఎండినవి చూసి తీసుకోవాలి. కాయను చెవి దగ్గర ఆడిస్తే గింజలు గలగలమనాలి, వంచితే విరగాలి. వంగి మళ్లీ నిలబడితే పచ్చి ఇంకా ఉందన్నమాట. తేజ రకం ఒక్కటే తీసుకుంటే కారం మండిపోతుంది, రంగు రాదు. దానిలో 334 వంటి సాధారణ రకం కలుపుకుంటే కూరకు చాలినంత ఘాటు, కంటికి చాలినంత ఎరుపు ఉంటాయి. ముచ్చికలు తీసి రెండు రోజులు మండే ఎండలో పోసి, సాయంత్రం వేడి తగ్గాక గోతానికి ఎత్తండి. అన్నీ ఒకేసారి కారం పట్టించవద్దు. మూడు నెలలకొకసారి కిలోన్నర చొప్పున మిషను దగ్గర ఆడించుకుంటే వాసన పోదు. మిషనులో మన కంటే ముందు ఎవరి సరుకు ఆడిందో ఒకసారి చూసుకోవడం మర్యాదకు భంగం కాదు; ధనియాల తర్వాత మన కారం పడితే మొదటి అరకిలో కారం కాదు, ధనియాలపొడే.

చింతపండును పిక్కతో కొనాలా, పిక్క తీసినది కొనాలా అన్నది ఏటా వచ్చే ప్రశ్న. పెంకు తీసిన చింతపండులో మూడో వంతుకు పైగా బరువు పిక్కలదే, ఈనెలు అదనం. కాబట్టి పిక్క తీసినది కిలో 150 ఉంటే, పిక్కతో ఉన్నది 90 లోపు దొరికితేనే లాభం, అది కూడా మీరు కూర్చుని కొట్టుకునే ఓపిక ఉంటేనే. కొత్త పండు ఎర్రగా ఉంటుంది, పాతబడే కొద్దీ నల్లబడుతుంది. మార్చిలోనూ నల్లగా కనిపిస్తే అది పోయిన ఏటిది. జాడీలో అడుగున గుప్పెడు రాళ్లుప్పు చల్లి, పొరకొక పలచటి ఉప్పు వేస్తూ నొక్కి పెడితే ఏడాదంతా నిలుస్తుంది.

పప్పుల విషయంలో ప్రకాశం వాళ్లకు ఉన్న వెసులుబాటు నెల్లూరు వాళ్లకు లేదు. పొదిలి, కనిగిరి, మార్కాపురం వైపు కందులు డిసెంబరు నుంచి ఫిబ్రవరి లోపు కళ్లాలకు వస్తాయి; నల్లరేగడి భూముల్లో శనగలు ఫిబ్రవరి, మార్చిలో వస్తాయి. అక్కడ బంధువులుంటే కందులనే తెప్పించుకుని పప్పు చేయించుకోవచ్చు. మంచి మర అయితే నాలుగు కిలోల కందులకు సుమారు మూడు కిలోల పప్పు వస్తుంది. కందుల ధరను నాలుగుతో గుణించి, మూడుతో భాగించి, మర కూలి కలిపితే మీ పప్పు అసలు ధర తెలుస్తుంది. కందులు కిలో 75 అయితే పప్పు 100, కూలి వేరు. ఇది అంగడి ధర కంటే కనీసం పది రూపాయలైనా తగ్గకపోతే శ్రమ దండగ. శనగల్లో మాత్రం లాభం ఎప్పుడూ ఉంటుంది. శనగలు కొని కొంత గుగ్గిళ్లకు ఉంచి, కొంత పప్పు చేయించి, ఆ పప్పును పిండి పట్టించుకుంటే శనగపిండి ప్యాకెట్టు కొనే పని ఉండదు, బజ్జీల రుచే మారిపోతుంది.

నిల్వలో నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. మొదటి ఏడాది పదిహేను కిలోల కందిపప్పు తెచ్చి, ఎండలో పోసి, సాయంత్రం వేడిగా ఉండగానే స్టీలు డ్రమ్ములో పోసి మూత బిగించాను. లోపల చెమ్మ పట్టింది. వినాయక చవితి నాటికి మూత తీస్తే పురుగు లుకలుకలాడింది. సగానికి పైగా కోళ్ల పాలైంది. అప్పటినుంచి పప్పును ఎండబెట్టి, రాత్రంతా నీడలో చల్లారనిచ్చి, మరునాడు కిలోకు ఒక చిన్న చెంచా ఆముదం చొప్పున చేత్తో పట్టించి, ఐదేసి కిలోలుగా వేరువేరు డబ్బాల్లో పోస్తున్నాను. ఒక డబ్బాలో పురుగు పడినా తక్కినవి దక్కుతాయి. వండేముందు రెండుసార్లు వేడినీళ్లతో కడిగితే ఆముదం వాసన రాదు. బియ్యంలో వేపాకు వేసేవారు బాగా ఎండిన ఆకే వేయాలి, పచ్చి ఆకు చెమ్మను తెస్తుంది.

తెల్లగడ్డలు కూడా ఈ కాలానివే. ఎర్రగడ్డల్లో ఏప్రిల్, మే నెలల్లో వచ్చేవే నిల్వకు ఆగుతాయి. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా ధర ఎగబాకే ఆ మూడు నెలలకు సరిపడా వల సంచిలో గాలి తగిలేలా వేలాడదీసుకుంటే చాలు. ఉర్లగడ్డల పక్కన మాత్రం పెట్టవద్దు, రెండూ చెడతాయి.

నూనె

నూనెను ఏడాదికి నిల్వ చేయకండి. మన దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా దిగుమతే కాబట్టి, ధర మన పంట కంటే విదేశీ ధరను, దిగుమతి సుంకాన్ని బట్టే ఎక్కువగా కదులుతుంది. 2024 సెప్టెంబరులో ముడి నూనెల మీద మూల సుంకాన్ని సున్నా నుంచి 20 శాతానికి పెంచారు, 2025 మే చివర 10 శాతానికి తగ్గించారు. రెండుసార్లూ అంగట్లో ధర కదిలింది. కృష్ణపట్నం రేవు చుట్టుపక్కల అన్ని నూనె శుద్ధి కర్మాగారాలున్నా, నెల్లూరు వాళ్లకు ఒక్క రూపాయి తగ్గకపోవడానికి కారణం అదే. ఒక నెల వాడకం అదనంగా ఉంచుకుంటే చాలు.

ప్యాకెట్టు మీద బరువు చదవండి. లీటరు నూనె ఇంచుమించు 910 గ్రాములు తూగుతుంది. ఈ మధ్య లీటరు ప్యాకెట్టులాగే కనిపించే 850, 800 గ్రాముల ప్యాకెట్లు కూడా వస్తున్నాయి. ధరను గ్రాములతో భాగించి వెయ్యితో గుణించండి, అప్పుడే పోలిక కుదురుతుంది. గానుగ నూనె గురించి అడిగేవారికి నా మాట ఒకటే: లీటరు వేరుశనగ నూనెకు రెండున్నర కిలోల దాకా గింజలు కావాలి, కాబట్టి అది ఎప్పటికీ ప్యాకెట్టు నూనె కంటే చౌక కాదు. రుచి కోసం ఆడించుకోండి, పొదుపు కోసం కాదు. వేపుళ్లు వారానికి రెండుకు తగ్గించడమే మా ఇంట్లో నాలుగున్నర లీటర్లను మూడున్నరకు దించింది.

కూరగాయలు, నిమ్మ

రైతుబజార్లు 1999 జనవరిలో మొదలైనప్పటి నుంచి వాటి ముఖ్యమైన ఉపయోగం అక్కడ కొనడమే కాదు, అక్కడి ధరల బోర్డు. పొద్దున ఫోనులో బోర్డును ఒక ఫొటో తీసుకుంటే, ఆ వారమంతా వీధి బండి దగ్గర బేరానికి అదే ఆధారం. మూసే ముందు గంటలో ధర తగ్గుతుంది గానీ ఆకుకూరలు వాడిపోయి ఉంటాయి. కాబట్టి ఆకుకూరలకు పొద్దున, దొండ, బీర, గుమ్మడి వంటి వాటికి సాయంత్రం వెళ్లడం మంచిది. మూడు రోజులకు మించి కొనవద్దు. వారానికి సరిపడా కొన్నవాళ్ల ఇళ్లలో చివరి రెండు రోజుల కూరగాయలు చెత్తబుట్టకే వెళ్తాయని మా పద్దే చెప్పింది.

2023 జూలై, ఆగస్టుల్లో టమోటా వంద దాటి పరుగెత్తినప్పుడు మాకు ఇబ్బంది కాలేదు, ఎందుకంటే ఫిబ్రవరిలో చౌకగా ఉన్నప్పుడు ఉప్పేసి ఊరబెట్టి ఎండబెట్టిన ఒరుగు జాడీలో ఉంది. నిమ్మ కూడా అంతే. పొదలకూరు, గూడూరు బజార్ల నుంచి లారీలకు లారీలు ఎగుమతయ్యే ఈ ప్రాంతంలోనే 2022 ఏప్రిల్‌లో కాయ కాయకూ ఖరీదు కట్టవలసి వచ్చింది. వానాకాలంలో ధర పడిపోయినప్పుడు రసం తీసి, ఉప్పు కలిపి, సీసాలో ఫ్రిజ్‌లో దాచుకుంటే వేసవి పులిహోరలకు లోటు రాదు. పిండిన తొక్కలు పారేయకండి, వాటి పని కింద చెబుతాను.

చేపలు, రొయ్యలు

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో మర పడవల వేట నిషేధం. ఆ 61 రోజులూ సముద్రపు చేప కొరతగా, ఖరీదుగా ఉంటుంది. మంచులో ఎన్నాళ్లున్నదో తెలియని చేప కూడా తాజా పేరుతో బండి మీదికి వస్తుంది. ఆ రెండు నెలలూ చెరువు చేపకు మారండి. మామిడికాయ వేసిన పులుసుకు సముద్రపు చేపే కావాలని పట్టుబట్టకపోతే బొచ్చె చక్కగా సరిపోతుంది, తలకాయ విడిగా మరో పూట పులుసవుతుంది.

రొయ్యల్లో కౌంటు అంటే కిలోకు తూగే కాయల లెక్క. వంద కౌంటు చిన్నవి, ముప్పై కౌంటు పెద్దవి. వేపుడుకు, గోంగూరలోకి చిన్నవే రుచి, ధరా తక్కువ. తల తీస్తే మూడో వంతుకు పైగా బరువు పోతుంది, పొట్టు కూడా వలిస్తే చేతికి మిగిలేది ఇంచుమించు సగం. కాబట్టి వలిచిన రొయ్యల ధర వలవని వాటికి రెట్టింపు లోపు ఉంటే వలిచినవే తీసుకోవచ్చు, దాటితే ఇంటికి తెచ్చి వలుచుకోవాలి.

కాటా, ప్యాకెట్టు, చౌకడిపో

ఎలక్ట్రానిక్ కాటాకు ఏటా తూనికలు కొలతల శాఖ ముద్ర పడాలి. ముద్ర కోసం అడగడం ఇబ్బందిగా ఉంటే, కనీసం గిన్నె పెట్టాక అంకె సున్నాకు వచ్చిందా లేదా చూడండి. ఎంఆర్‌పీ కంటే ఎక్కువ అడిగినా, తూకం తగ్గినా 1915 నంబరు జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి ఫోను చేయవచ్చు. టోకు అంగళ్లలో ఎంఆర్‌పీ కంటే తక్కువకు ఇస్తారు గానీ పెట్టె లెక్కన కొనాలి. పక్కింటివాళ్లు ఇద్దరు కలిస్తే సబ్బుల పెట్టె, అగ్గిపెట్టెల కట్ట సులువుగా చెల్లుబాటవుతాయి.

బియ్యం కార్డున్నవారు చౌకడిపో సరుకు వదులుకోవద్దు. 2025 జూన్ నుంచి ఇంటింటికీ సరుకు తెచ్చే బండ్లు ఆగిపోయి, నెలలో 1 నుంచి 15వ తేదీ దాకా డిపోల దగ్గరే ఇస్తున్నారు. మనిషికి ఐదు కిలోల చొప్పున వచ్చే ఆ బియ్యం అన్నానికి నచ్చకపోతే ఇడ్లీకి, అట్లకు, మురుకుల పిండికి వాడుకోండి. దళారికి కారుచౌకగా అమ్మి, అంగట్లో ఇడ్లీ బియ్యం కొనుక్కునే ఇళ్లను నేను చూశాను. అమ్మడం నేరం కూడా. రాష్ట్ర ప్రభుత్వ దీపం-2 పథకం కింద అర్హులకు ఏడాదికి మూడు ఉచిత గ్యాస్ సిలిండర్లు ఉన్నాయి కాబట్టి వాటి గడువు తేదీలు కూడా కాగితం మీద రాసుకోండి.

సబ్బులు, సోడా

2025 సెప్టెంబరు 22 నుంచి స్నానపు సబ్బు, షాంపూ, టూత్‌పేస్టు, తలనూనెల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది; బట్టల పొడి మీద తగ్గలేదు. అంతకుముందు ముద్రించిన పాత ధర ప్యాకెట్టు ఎవరైనా ఇస్తే కొత్త ధర అడగండి. షాంపూలో మాత్రం పెద్దది కొంటే చౌక అన్న సూత్రం చాలాసార్లు తలకిందులవుతుంది: రూపాయి ప్యాకెట్టులో ఎన్ని మిల్లీలీటర్లున్నాయో చూసి, సీసా ధరతో పోల్చండి. సబ్బు మీద టీఎఫ్‌ఎం, అంటే అందులోని మొత్తం కొవ్వు పదార్థం శాతం, 76 గానీ ఆ పైన గానీ ఉంటే మొదటి తరగతి. తక్కువైనవి త్వరగా కరిగి నీళ్లపాలవుతాయి. తెచ్చిన సబ్బుల కాగితం విప్పి, నెల రోజులు అలమరలో గాలికి ఆరనిస్తే గట్టిపడి ఎక్కువ రోజులు వస్తాయి.

పశ్చిమ ప్రకాశంలో నీళ్లు చవుడు కాబట్టి సబ్బు నురగ రాదు, దాంతో అందరూ పొడి రెట్టింపు వేస్తారు. అలా కాకుండా బకెట్టు నీళ్లలో ఒక చెంచా చాకలిసోడా కలిపి పావుగంట ఆగి, మామూలు కొలతలో సగం పొడి వేయండి. సోడా నీటి గట్టిదనాన్ని విరుస్తుంది, పొడి తన పని తాను చేస్తుంది. నూలు బట్టలకే ఇది. పట్టుకు, ఉన్నికి సోడా తగలనివ్వవద్దు. పైన దాచమన్న నిమ్మ తొక్కలను ఉప్పుతో కలిపి రుద్దితే ఇత్తడి, రాగి పాత్రలకు వేరే పొడి అక్కర్లేదు. నీళ్లలో ఉడికించి వడగట్టిన రసం సింకుకు, గ్యాసు పొయ్యి జిడ్డుకు పనికొస్తుంది.

వచ్చే ఏటి లెక్క

ప్రతి డబ్బా మూత మీద కొన్న తేదీ, బరువు, కిలో ధర సిరాతో రాయండి. ఫిబ్రవరి నెలాఖరున డబ్బాలన్నీ దించి, అడుగున మిగిలింది తూచండి. కందిపప్పు నాలుగు కిలోలు మిగిలితే ఈ మార్చిలో ఇరవై నాలుగే కొనాలి. చింతపండు డిసెంబరులోనే అయిపోయి రెండు కిలోలు అంగట్లో తెచ్చి ఉంటే ఈసారి పన్నెండు. మిగిలిన పాత సరుకును ముందు వరుసలోకి జరిపి, ఖాళీ డబ్బాలు కడిగి, రెండు ఎండలు తగిలాకే కొత్త సరుకు పోయండి.